పడుకోవడానికి నేల, తిరగడానికి బోటు: ఆఫీసు బృందంతో స్వీడన్ దీవులకు

మీరు రాసినదాన్ని కుదించుకుంటే ఇదీ సంగతి. హైదరాబాదు ఆఫీసు నుంచి 14 మంది, స్టాక్‌హోం ఆఫీసు నుంచి 10 మంది. జూన్ నాలుగో వారంలో నాలుగు రోజులు. "నార్డిక్ దీవుల్లో బోటు మీద తిరుగుతూ వచ్చే ఏడాది పనులు మాట్లాడుకుందాం" అని మీ డైరెక్టరుగారు ఒక మాట అనేసి వెళ్లిపోయారు, ఏర్పాట్లన్నీ మీ నెత్తిన పడ్డాయి. నార్వేలోని లోఫోటెన్, ఫారో దీవులు, స్టాక్‌హోం దీవులు, ఈ మూడింట్లో ఏది మంచిది, వీలైతే రెండు కలపొచ్చా అని మీ ప్రశ్న.

కలపకండి. ఒక్కటే చాలు, అది స్టాక్‌హోం దీవులే. తేదీ మార్చండి. రాత్రిపూట బోటులో పడుకునే ఆలోచన మానుకోండి. నా జవాబు ఇంతే. కానీ రేపు మీరు పైవాళ్లకు కారణాలు చెప్పుకోవాలి కదా, అందుకని వివరంగా రాస్తున్నాను. పద్నాలుగేళ్లుగా స్టాక్‌హోంలో ఉంటున్నాను. మా ఆఫీసు వాళ్లను దీవులకు తీసుకెళ్లే పని ఇప్పటికి తొమ్మిదిసార్లు నా మెడకు చుట్టుకుంది. రెండుసార్లు బాగా దెబ్బతిన్నాను. నేర్చుకున్నదంతా ఆ రెండుసార్లే.

ఫారో దీవుల సంగతి వీసా దగ్గరే తేలిపోతుంది. అవి డెన్మార్క్ రాజ్యంలోవే అయినా, ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల ప్రాంతమైన షెంగెన్‌లో లేవు. మామూలు షెంగెన్ వీసా చెల్లదు, ఫారో దీవులకు కూడా చెల్లుతుందని వీసా మీద ప్రత్యేకంగా రాసి ఉండాలి. 14 భారతీయ పాస్‌పోర్టులతో ఆ తలనొప్పి మీకెందుకు? ఎవరైనా నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల పేరు ఎత్తితే అదీ ఇలాంటిదే. అక్కడ దిగడానికి వీసా అక్కర్లేదు గానీ, అది షెంగెన్ బయట ఉంది. ఒకే ప్రవేశం ఉన్న వీసాతో వెళ్లినవాళ్లు తిరిగి నార్వేలోకి రాలేరు.

లోఫోటెన్‌కు వీసా ఇబ్బంది లేదు, అందంలో దానికి వంక పెట్టలేం. కానీ అది ఆర్కిటిక్ వలయానికి పైన ఉంది. హైదరాబాదు నుంచి స్టాక్‌హోం లేదా ఓస్లో, అక్కడి నుంచి బోడో, బోడో నుంచి మోస్కెనెస్‌కు ఫెర్రీలో మూడు గంటల పైచిలుకు. ఆ ఫెర్రీ దాటేది తెరిచి ఉన్న సముద్రం. నాలుగు రోజుల్లో రెండు రోజులు రాకపోకలకే పోతాయి. వాతావరణం చెడితే మూడో రోజూ పోతుంది. లోఫోటెన్‌కు ఇంట్లోవాళ్లతో పది రోజులు సెలవు పెట్టుకుని వెళ్లండి. ఆఫీసు డబ్బుతో, ఆఫీసు గడియారంతో వెళ్లే చోటు కాదది.

స్టాక్‌హోం దీవుల గొప్పతనం ఏమిటంటే, అక్కడ సముద్రం మనుషులను అంతగా భయపెట్టదు. చిన్నా పెద్దా కలిపి సుమారు 30,000 దీవులు, రాతి గుట్టలు నగరానికి తూర్పున అడ్డంగా పరుచుకుని ఉంటాయి. పెద్ద అలలు బయటి వరసలోనే విరిగిపోతాయి. బాల్టిక్‌లో ఆటుపోట్లు దాదాపు లేవు కనుక రేవు దగ్గర నీటిమట్టం పొద్దున్నా సాయంత్రం ఒకేలా ఉంటుంది. నీళ్లు కూడా చప్పనే, మామూలు సముద్రంలో ఉండే ఉప్పులో అయిదో వంతు ఉంటుందేమో. మంచుయుగం బరువు దిగిపోయాక నేల ఇప్పటికీ ఏడాదికి అర సెంటీమీటరు చొప్పున పైకి లేస్తూనే ఉంది. నగరం వైపు దీవుల్లో దట్టమైన అడవి, మధ్యలో పైన్ చెట్లు, బయటి వరసలో బోడి రాళ్లు. రెండు మూడు గంటల ప్రయాణంలో ఈ మూడూ కళ్ల ముందు మారుతూ పోతాయి. అసలు సౌకర్యం వేరే ఉంది: స్టాక్‌హోం ప్రాంతీయ ప్రభుత్వానికి చెందిన వాక్స్‌హోమ్స్‌బోలాగెట్ బోట్లు ఈ దీవులకు మన ఆర్టీసీ బస్సుల్లా టైంటేబుల్ ప్రకారం తిరుగుతాయి. మొత్తం ప్రయాణానికి బోటు అద్దెకు తీసుకోవాల్సిన అవసరమే లేదు.

ఇక తేదీ. జూన్ నాలుగో వారం అనగానే నాకు గుండె గుభేలుమంది. స్వీడన్‌లో మిడ్‌సమ్మర్ పండగ ముందురోజు ఎప్పుడూ శుక్రవారమే, జూన్ 19కీ 25కీ మధ్యలో వస్తుంది. మనకు సంక్రాంతి ఎలాగో వాళ్లకు అది అలాగ. ఊళ్లన్నీ ఖాళీ, దీవులన్నీ కిటకిట. మీ స్టాక్‌హోం ఆఫీసు వాళ్లు పది మందిలో ఎనిమిది మంది రామని మెత్తగా చెప్పేస్తారు, వచ్చిన ఇద్దరూ మొహమాటానికి వస్తారు. ఆ తర్వాత జూలై అంతా దేశం మొత్తం సెలవులో ఉంటుంది. ఆఫీసు బృందాలకు సరైన కాలం మే చివరి నుంచి జూన్ రెండో వారం దాకా, మళ్లీ ఆగస్టు మూడో వారం నుంచి సెప్టెంబరు దాకా.

నన్నడిగితే ఆగస్టు చివరి వారం. జూన్ మొదట్లో ఎండ ఉంటుంది గానీ నీళ్లు చల్లగా గడ్డకట్టించేస్తాయి. ఆగస్టు చివరికి వేసవంతా తాగిన వేడి నీళ్లలో ఇంకా మిగిలి ఉంటుంది, 16, 17 డిగ్రీలు. పిల్లల బడులు తెరిచేసి ఉంటారు కనుక దీవులు ఖాళీ. ఎనిమిదింటికల్లా పొద్దుగూకుతుంది. మన వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మిడ్‌సమ్మర్‌లో రాత్రి పది దాటాక సూర్యుడు మునిగి, తెల్లవారుజామున మూడున్నరకే మళ్లీ వస్తాడు. జెట్ లాగ్‌తో ఉన్న మనిషికి ఆ వెలుతురులో కునుకు పట్టదు. ఆగస్టులో స్వీడన్ వాళ్ల క్రేఫిష్ (పెద్ద రొయ్యల్లాంటివి) విందులు కూడా ఉంటాయి. తలకు కాగితపు టోపీలు పెట్టుకుని, కాగితపు లాంతర్లు వేలాడదీసి, పాటలు పాడుతూ తింటారు. మీటింగుల్లో నోరు విప్పని స్వీడన్ సహోద్యోగి పాడటం చూడాలంటే అదే అవకాశం. కాకపోతే మీ వైపు క్యాలెండరు కూడా చూసుకోండి. శ్రావణ మాసంలో వరలక్ష్మీవ్రతం శుక్రవారం, వినాయక చవితి ఎప్పుడు పడుతున్నాయో చూడకుండా తేదీ ఖాయం చేస్తే, ఆడవాళ్లు పైకి సరే అంటారు గానీ లోపల తిట్టుకుంటారు. శ్రావణమంతా మాంసం ముట్టనివాళ్లు ఎందరో కూడా ముందే లెక్క తీయండి.

ఇప్పుడు బోటులో ఎందుకు పడుకోకూడదో చెబుతాను. నా మొదటి దెబ్బ ఇదే. పదేళ్ల కిందట, మా మేనేజరు కూడా మీ డైరెక్టరుగారిలాగే అన్నారు. 20 మందిమి. ఒక పాత చెక్క ఓడను మూడు రోజులకు అద్దెకు తీసుకున్నాం, ఏడు దీవులు చూడాలని ప్రణాళిక. మొదటి రాత్రి గాలి లేచింది. నడిసముద్రంలో ఏమీ కాదు, ఒక దీవి చాటునే లంగరు వేశాం. అయినా ఓడ రాత్రంతా ఊగుతూనే ఉంది. కింద అరల్లాంటి పడకల్లో పడుకున్నవాళ్లలో ఆరుగురు తెల్లారేదాకా పై డెక్కు మీదే కూర్చున్నారు. పొద్దున్నకు మరుగుదొడ్డి ట్యాంకు నిండిపోయింది. స్వీడన్‌లో 2015 నుంచి విహార పడవల మురుగును సముద్రంలోకి వదలడం నిషేధం, రేవుకు వెళ్లి పంపు చేయించుకోవాలి. మా ఓడ ఎంత పెద్దదైనా ఆ ట్యాంకు మాత్రం 20 మందికి చాలేది కాదు. ఆ రేవుకు వెళ్లి, వంతు కోసం ఆగి, మళ్లీ బయల్దేరేసరికి మధ్యాహ్నం. ఏడు దీవుల్లో మూడే చూశాం, మూడింట్లోనూ దిగి ఫోటో తీసుకుని ఎక్కేశాం. వచ్చే ఏడాది పనుల గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ఓడ అద్దెకిచ్చినవాళ్ల తప్పు కొంత ఉంది, ట్యాంకు సంగతి ముందు చెప్పలేదు. కానీ ఎక్కువ తప్పు నాదే, నేను అడగలేదు.

చట్టంలో ఒక అంకె ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి: 12. ప్రయాణికులు 12 మందికి మించితే ఆ బోటు స్వీడన్ చట్టం ప్రకారం పాసింజరు ఓడ కింద లెక్క, దానికి తగ్గ తనిఖీలు, సర్టిఫికెట్లు, సిబ్బంది ఉండాలి. మీరు 24 మంది. ఎవరైనా "మా దగ్గర మంచి యాట్ ఉంది, 24 మంది పడతారు" అంటే, ముందు అడగాల్సింది ఎంతమంది ప్రయాణికులకు సర్టిఫికెట్ ఉందని. పట్టడం వేరు, అనుమతి వేరు. ఈ ముక్క గోదావరి మీద లాంచీ ఎక్కినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత, బోటు ప్రయాణం అంటే చాలా ఇళ్లలో తల్లిదండ్రులు ఉలిక్కిపడుతున్నారు. మీ 14 మందిలో ఎవరి అమ్మగారైనా ఫోన్‌లో అడగక మానరు. అడిగినప్పుడు చెప్పడానికి మీ పిల్లల దగ్గర జవాబు ఉండాలి: సర్టిఫికెట్ ఉన్న ఓడ, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్, ఒడ్డు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి ఒక దీవిని ఎంచుకుని మూడు రాత్రులూ అక్కడే ఉండండి. వెళ్లడం రావడం టైంటేబుల్ బోటులో. మధ్యలో ఒక రోజు మాత్రం బోటు అద్దెకు తీసుకుని బయటి దీవులు తిరిగి రండి. మీ డైరెక్టరుగారి ముచ్చట ఆ ఒక్క రోజుతో తీరిపోతుంది.

ఏ దీవి? నా మనసుకు నచ్చినవి నాలుగు. గ్రిండా దగ్గరది, నగరం నడిబొడ్డున గ్రాండ్ హోటల్ ఎదురుగా ఉన్న స్ట్రెమ్‌కాయెన్ రేవు నుంచి గంటన్నర. కార్లు లేవు, ఆవులున్నాయి. అక్కడి సత్రం, నోబెల్ ఫౌండేషన్ మొదటి డైరెక్టరు హెన్రిక్ సాంటెసన్ వేసవి విడిదిగా కట్టించుకున్న రాతి భవనం. ఫిన్‌హామ్న్ నగరానికి ఇంకా దూరంగా ఉంటుంది, ఏకాంతం ఎక్కువ, గదులు సాదాసీదా, యువజన హాస్టల్ తరహా. కుర్రాళ్ల బృందమైతే బాగుంటుంది, మోకాళ్లు నొప్పులున్నవాళ్లుంటే వద్దు. సాండ్‌హామ్న్ బయటి వరసలో ఉంది, తెరచాప పడవల వాళ్లకు తిరుపతి లాంటిది. 1830లో పుట్టిన రాయల్ స్వీడిష్ యాట్ క్లబ్‌కు అక్కడ పెద్ద స్థావరం ఉంది. హోటలూ, ఇసుక తీరమూ, సందడీ అన్నీ ఉంటాయి. మీటింగులు సజావుగా సాగాలంటే ఆ సందడే అడ్డు.

మీకు మాత్రం నేను చెప్పేది ఊటో. కారణం వింటే మీ ఇంజనీర్లు కూడా ఒప్పుకుంటారు. ఊటో స్వీడన్‌లోని చాలా పాత ఇనుప గనుల దీవి, 1879లో గనులు మూసేశారు. ఇప్పుడు ఆ గోతుల నిండా నీళ్లు. ఆ గనుల్లో దొరికిన పెటలైట్ అనే రాయిని 1817లో స్టాక్‌హోంలో రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ ప్రయోగశాలలో పరీక్షిస్తూ యోహాన్ ఆగస్ట్ ఆర్ఫ్‌వెడ్‌సన్ ఒక కొత్త మూలకాన్ని పట్టుకున్నాడు. రాతిలో దొరికింది గనుక గ్రీకులో రాయి అనే మాట మీదుగా దానికి లిథియం అని పేరు పెట్టారు. మీ 24 మంది జేబుల్లో ఉన్న ఫోన్ల బ్యాటరీల మూలం ఆ గొయ్యి. మేం అక్కడ గట్టు మీద నిలబడి ఈ మాట చెప్పినప్పుడు, అంతదాకా సిగ్నల్ రావట్లేదని గొణుగుతున్న కుర్రాడు ఫోన్ తీసి గొయ్యి వైపు ఒకసారి, ఫోన్ వైపు ఒకసారి చూశాడు. పైగా ఊటోలో పాత గని కచేరీ భవనంలో నడుస్తున్న సత్రానికి ఆఫీసు బృందాలు అలవాటే. మీటింగు హాళ్లు, సైకిళ్లు, రొట్టెలు కాల్చే బేకరీ అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. బోటు ప్రయాణం హానింగె వైపు ఓష్టా రేవు నుంచి ముప్పావు గంటే. బుక్ చేసేటప్పుడు ఒకటి చూసుకోండి: ఫిన్లాండ్ దీవుల్లో కూడా దీపస్తంభం ఉన్న మరో ఊటో ఉంది. వెతికినప్పుడు రెండూ వస్తాయి.

సత్రాలకు ఉత్తరం రాసేటప్పుడు గదుల లెక్క, హాలు, మూడు పూటల భోజనం, టీ కాఫీలు కలిపి మనిషికి రోజుకింత అనే ప్యాకేజీ అడగండి, స్వీడన్‌లో అదే వాడుక. కంపెనీలకు చెప్పే ధర సాధారణంగా మోమ్స్ లేకుండా ఉంటుంది. మోమ్స్ అంటే వాళ్ల జీఎస్టీ: గదికి 12 శాతం, ప్రయాణానికి 6, హాలు అద్దెకు 25. మీ ఫైనాన్సు వాళ్లు ఈ తేడా చూడకుండా బడ్జెట్ ఆమోదిస్తే చివర్లో మీరే సంజాయిషీ ఇచ్చుకోవాలి. స్టాక్‌హోం ఉద్యోగుల వైపు నుంచి ఇంకో మెలిక కూడా ఉంది. ట్రిప్పులో పని తక్కువ, షికారు ఎక్కువ అయితే స్వీడన్ పన్ను శాఖ దాన్ని ఉద్యోగికి ఇచ్చిన ప్రయోజనంగా లెక్కగట్టి పన్ను అడగొచ్చు. రోజుకు ఆరు గంటల అసలు పని అన్నది అక్కడ వాడే కొలబద్ద. రోజువారీ కార్యక్రమం కాగితం మీద రాసి ఫైలులో పెట్టించండి.

బోటు అద్దెకు తీసుకునే రోజు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే రెండో దెబ్బ అక్కడ తగిలింది. బయల్దేరే రోజు పొద్దున గాలి సెకనుకు 11 మీటర్లు. స్వీడన్‌లో గాలిని కిలోమీటర్లలో చెప్పరు, సెకనుకు మీటర్లలోనే చెబుతారు. 14 దాటితే వాతావరణ శాఖ గాలి హెచ్చరిక ఇస్తుంది. 11 అంటే హెచ్చరిక లేదు కదా అని మా పెద్ద సారు పట్టుబట్టారు. కెప్టెను బయటి దీవులకు వద్దు, లోపలి దారిలో తిప్పుతాను అన్నాడు. మా సారు, డబ్బు కట్టింది మేం కదా అన్నారు. కెప్టెను ఏమీ అనలేదు, ఇంజను ఆపేసి కాఫీ పోసుకున్నాడు. పది నిమిషాలు అందరం రేవులో నిలబడి వాళ్లిద్దరినీ చూస్తున్నాం. చివరికి లోపలి దారిలోనే వెళ్లాం, రోజు బాగానే గడిచింది గానీ ఆ పది నిమిషాలు అందరికీ గుర్తుండిపోయాయి. అందుకే ఇప్పుడు నేను ముందురోజు రాత్రి భోజనాల దగ్గరే అందరి ముందూ చెప్పేస్తాను: నీటి మీద కెప్టెనుదే ఆఖరి మాట, అతనికి డైరెక్టరూ ట్రైనీ ఒకటే. ఒప్పందంలో కూడా రెండు దారులు రాయించండి, ఒకటి మంచి రోజుకు, ఒకటి గాలి రోజుకు. గాలి రోజు దారికి డబ్బు తగ్గించమని అడగకండి. తగ్గిస్తామంటే కెప్టెను మీద అనవసరమైన ఒత్తిడి పడుతుంది.

కొత్తవాళ్లున్న బృందానికి సెకనుకు 8 మీటర్ల లోపు గాలి అయితే హాయి. అంతకు మించితే తల తిరిగేవాళ్ల కోసం మాత్రలు గంట ముందే వేయించండి, ఎక్కాక వేస్తే లాభం లేదు. కింది క్యాబిన్‌లో కూర్చోనివ్వకండి. బోటు నడుమ భాగంలో, బయటి గాలి తగిలేలా, దూరంగా ఒడ్డు గీత చూస్తూ కూర్చోవాలి. ల్యాప్‌టాప్ తెరిచినవాడు పావుగంటలో పసుపు రంగుకు తిరుగుతాడు. బోటు మీద మీటింగు అన్న మాట మీ కార్యక్రమంలో ఉంటే కొట్టేయండి. డెక్కు మీద గాలికి మాట వినపడదు, లోపల ఇంజను మోతకు వినపడదు. బోటు మీద జరగాల్సింది వేరే. జట్టులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూడండి. రెండేళ్లుగా ఈమెయిళ్లలో కొట్టుకున్న ఇద్దరు ఒకే చిప్స్ పొట్లంలో చెయ్యి పెట్టడం నేను చూశాను.

బయటి దీవుల మీద దిగడానికి కూడా పద్ధతి ఉంది. స్వీడన్‌లో ఇంటి పెరడు కానిచోట ఎవరైనా నడవొచ్చు, అది వాళ్ల పాత హక్కు. కానీ అది ఒంటరి బాటసారికి పుట్టిన హక్కు, 24 మంది ఆఫీసు గుంపుకు కాదు. స్థలం సొంతదారుని అడిగి దిగాలి, కెప్టెనుకు ఎక్కడ పర్లేదో తెలిసి ఉంటుంది. పక్షులు గుడ్లు పెట్టే కొన్ని దీవుల దగ్గరకు ఆగస్టు నడిమి దాకా వెళ్లకూడదు. బోడి రాతి మీద మంట వేయకూడదు, రాయి పగిలిపోతుంది. మందు విషయానికొస్తే, నడిపేవాళ్లకు రక్తంలో మద్యం పరిమితి వెయ్యికి 0.2, పది మీటర్ల పైన పొడవున్న బోట్లకూ, 15 నాట్ల (గంటకు సుమారు 28 కిలోమీటర్ల) వేగం అందుకునేవాటికీ ఇది వర్తిస్తుంది. అందుకే "మేమే నడుపుతాం, లైసెన్సు ఉంది" అనే సహోద్యోగి మాట నమ్మి చిన్న బోట్లు అద్దెకు తీసుకోవద్దు. సాయంత్రం విందు అతనిది కూడా. లైసెన్సు ఉన్న సత్రంలో బయట కొన్న సీసాలు తెరవడానికి వీల్లేదన్నది కూడా గుర్తుంచుకోండి. బయట కొనాలన్నా ప్రభుత్వ దుకాణం శనివారం మూడింటికి మూస్తారు, ఆదివారం తెరవనే తెరవరు.

తిండి. దీవి వంటగదికి సరుకులన్నీ బోటులోనే రావాలి, చివరి నిమిషంలో మార్పులు కుదరవు. వెజిటేరియన్ అని రాస్తే గుడ్డు వస్తుంది, చీజ్ వస్తుంది, కొన్నిచోట్ల చేప కూడా వెజిటేరియనే అనుకునే వంటవాడు ఉంటాడు. ఎవరెవరు గుడ్డు తినరు, ఎవరు గొడ్డు మాంసం, పంది మాంసం తినరు అని పేరు పేరునా పట్టిక పంపండి. పొడులు, పచ్చళ్లు తెచ్చుకోమనండి. కానీ నెయ్యి, పాలకోవా, పన్నీరు సూటుకేసులో పెట్టకండి. భారతదేశం నుంచి పాల పదార్థాలు, మాంసం ఐరోపా యూనియన్‌లోకి తేవడం నిషేధం. కరివేపాకు రెమ్మలు కూడా అంతే, పచ్చి ఆకులకు ధ్రువపత్రం కావాలి. మా రెండో ఊటో ప్రయాణంలో ఒకావిడ వేడి వేడి కొత్త బంగాళాదుంపల మీద కందిపొడి చల్లి నూనె వేసుకుంటుంటే వంటావిడ వచ్చి చూసింది. మర్నాడు పొడి సీసా సగానికి వచ్చింది, ఎవరు తిన్నారో అడగలేదు.

ఈత రానివాళ్లను సిగ్గుపడనివ్వకండి. లైఫ్ జాకెట్ వేసుకోవడం ఇష్టం అని వదిలేస్తే ఈత వచ్చినవాళ్లు వేసుకోరు, రానివాళ్లు మొహమాటపడి వేసుకోరు. చిన్న బోటు ఎక్కాక అందరూ వేసుకోవాలి, మొదట డైరెక్టరుగారు. సౌనా అనే వేడి గది దగ్గర కూడా ఇలాంటి ఇబ్బందే వస్తుంది. స్వీడన్ వాళ్లకు అందులో చెమటపట్టి సముద్రంలో దూకడం దినచర్య, మనవాళ్లకు ఎటు చూడాలో తెలియదు. ఆడవాళ్లకు ఒక గంట, మగవాళ్లకు ఒక గంట, తర్వాత ఇష్టమైనవాళ్లకు స్విమ్‌సూట్‌లతో కలిపి ఒక గంట అని బుక్ చేస్తే ఎవరూ దిక్కులు చూడాల్సిన పని ఉండదు.

సామాను సూటుకేసుల్లో కాదు, వీపు సంచుల్లో. బోటు ముక్కును రేవుకు ఆనించి ముందు నుంచి ఇరుకైన పలక వేస్తారు, దాని మీద చక్రాల పెట్టె లాగలేరు. దీవి మీద బాటలన్నీ కంకర. మధ్యాహ్నం 20 డిగ్రీలు ఉన్నా బోటు మీద గాలికి స్వెట్టరూ దాని మీద గాలి చొరని జాకెట్టూ కావాలి. పొడవు ప్యాంట్లు, మేజోళ్లు తప్పనిసరి, ఎందుకంటే ఈ దీవుల గడ్డిలో పేలలాంటి రక్తం పీల్చే పురుగులు ఉంటాయి, వాటితో మెదడువాపు వైరసు, లైమ్ వ్యాధి రెండూ రావొచ్చు. రోజూ రాత్రి మోకాళ్ల వెనుక, నడుము దగ్గర చూసుకోవాలి. మెదడువాపుకు టీకా ఉంది, స్టాక్‌హోం వాళ్లు చాలామంది వేయించుకునే ఉంటారు.

వీసాలకు ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. నిర్ణయానికి 15 రోజులు అంటారు, 45 దాకా కూడా పోవచ్చు. ప్రయాణ బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. ఎక్కువ రోజులు ఉండేది స్వీడన్‌లో కనుక స్వీడన్‌కే పెట్టండి. ఆహ్వాన పత్రంలో దీవి పేరు, సత్రం బుకింగు రెండూ ఉంటే దరఖాస్తుకు బలం. ఒక రోజు ముందుగా స్టాక్‌హోం చేరి నిద్రపోయి, మర్నాడు బోటు ఎక్కించండి.

ఇంత చెప్పినా మీ డైరెక్టరుగారు రాత్రి నీటి మీదే గడపాలంటే ఒక మార్గం ఉంది. స్టాక్‌హోం నుంచి హెల్సింకి, టుర్కు వెళ్లే పెద్ద రాత్రి ఓడల్లో క్యాబిన్లు, మీటింగు హాళ్లు ఉంటాయి. మొదటి మూడు నాలుగు గంటలు ఈ దీవుల మధ్య నుంచే వెళ్తాయి, సాయంత్రం వెలుగులో ఆ దృశ్యం అద్భుతంగా ఉంటుంది. దారిలో ఓలాండ్ దీవుల దగ్గర ఆగుతాయి. ఫిన్లాండ్‌లో భాగమైనా స్వీడిష్ మాట్లాడే స్వయంపాలిత ప్రాంతమది, 1921లో నానాజాతి సమితి అలా తేల్చింది. ఆ ఆగడంలోనే పన్ను లేని దుకాణాల రహస్యం ఉంది, ఎందుకంటే పన్నుల విషయంలో ఓలాండ్ ఐరోపా యూనియన్ బయట ఉంటుంది. పాస్‌పోర్టులు వెంట ఉండాలి, ఒకే ప్రవేశం ఉన్న షెంగెన్ వీసా ఉన్నా పర్లేదు. దీన్ని మొదటి రాత్రికో చివరి రాత్రికో పెట్టుకోవచ్చు. దీవి మకాంకు బదులుగా మాత్రం పెట్టకండి, అది తేలే హోటలు, దీవి కాదు.

టైంటేబుల్ బోట్ల గురించి చివరగా ఒకటి. జూన్ నడిమిలోనూ, ఆగస్టు నడిమిలోనూ వేళలు మారతాయి. కనుక ఫిబ్రవరిలో చూసిన పట్టికను నమ్మి ఆగస్టు టికెట్ల లెక్క వేయకండి. చిన్న రేవుల్లో బోటు దానంతట అదే ఆగదు. రేవు స్తంభానికి ఉన్న గుండ్రటి పలకను పైకి ఎత్తిపెడితే, దాన్ని చూసి కెప్టెను వస్తాడు. చీకటైతే టార్చి ఊపాలి. గ్రిండాలో ఉత్తరాన ఒక రేవు, దక్షిణాన ఒక రేవు ఉన్నాయి. ఒక ఏడాది మా వాళ్లలో పదకొండు మంది దక్షిణ రేవులో పలక ఎత్తుకుని సంచులు సర్దుకుని నిలబడ్డారు. వాళ్లు ఎక్కాల్సిన బోటు ఉత్తర రేవు నుంచి మమ్మల్ని ఎక్కించుకుని దూరంగా పోతుంటే చేతులు ఊపారు. టాటా చెబుతున్నారనుకుని మేమూ ఊపాం.